చలికి సలిపే పాత దెబ్బ

పొద్దున్నే సెల్ఫ్ కొడితే బండి మూలుగుతుంది. బ్యాటరీ పోయిందంటారొకరు. డీజిల్ గడ్డకట్టిందంటారు ఇంకొకరు. ఏదో ఒకటి మార్చేస్తాం, డబ్బు ఖర్చవుతుంది, మర్నాడు మళ్లీ అదే మూలుగు. పానా పట్టేముందు ఆ శబ్దాన్ని సరిగ్గా వింటే, జబ్బు ఎక్కడుందో చాలాసార్లు బండే చెబుతుంది.

లంబసింగిలో తెల్లవారుజామున నాలుగూ నలభై. నర్సీపట్నం ఘాట్ ఎక్కి ముందురోజు సాయంత్రం చేరుకున్నాం. చెరువులవేనం కొండ మీద నుంచి మేఘాల సముద్రం చూడాలంటే చీకట్లోనే బయల్దేరాలి. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట ఉండిపోతే మనిషి కొర్రులా బిగుసుకుపోతాడని స్థానికులు దానికి అర్థం చెబుతారు. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. కారు అద్దం మీద మంచు పొరలా పేరుకుంది.

డ్రైవర్ కుర్రాడు తాళం తిప్పాడు. ఉర్ర్... ఉర్ర్... ఉర్... టక్. మళ్లీ తిప్పాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా. మూడోసారికి ఇంజిన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. పదేళ్ల డీజిల్ కారు. పక్కనే నెగడు దగ్గర టీ తాగుతున్న ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి లేచి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా చింతపల్లి దారిలో జీపులు నడుపుతూ, చెడితే తానే బాగుచేసుకుంటున్న మనిషని తర్వాత తెలిసింది.

"మరి సెల్ఫ్ కొట్టకండి బాబూ. అది ఏటి సెప్తందో ఇనండి ముందు."

"బ్యాటరీ కొత్తదే బాబాయ్, ఇరవై రోజులు కూడా కాలేదు. మొన్న కూడా ఇలాగే చేస్తే మార్పించేశాం" అన్నాడు కుర్రాడు.

"కొత్తదే అవ్వొచ్చు నాయనా. అందులో కరెంటు మోటారు కాడికి ఎల్తందా అని ఎవరైనా సూశారా?"

ఆ ప్రశ్న దగ్గరే ఈ కథనం మొదలైంది.

చలి ఏం చేస్తుంది?

చలికి ఇంజిన్ మీద పగేమీ లేదు. కాకపోతే ఒకేసారి మూడు పనులు చేస్తుంది. బ్యాటరీ బలం తగ్గిస్తుంది, ఇంజిన్‌ను బరువెక్కిస్తుంది, ఇంధనాన్ని మొండికేయిస్తుంది.

బ్యాటరీలో కరెంటు పుట్టేది సీసం పలకలకూ సల్ఫ్యూరిక్ ఆమ్లానికీ మధ్య జరిగే రసాయన చర్యతో. ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన సూత్రమే నేటికీ మన బానెట్ కింద పనిచేస్తోంది. చల్లబడితే ఆ చర్య మందగిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ ఇవ్వగలిగే బలం మామూలు రోజుతో పోలిస్తే సుమారు మూడింట రెండొంతులకు పడిపోతుంది.

అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది. పేరిన నెయ్యిలో గరిటె తిప్పినట్టు, ఆ ఆయిల్‌లో ఇంజిన్‌ను తిప్పడానికి మోటారుకు మరింత కష్టం. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అని రాసి ఉంటుంది. అందులో డబ్ల్యూ అంటే చలికాలం. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే, చలిలో ఆ ఆయిల్ అంత సులువుగా పారుతుంది. కంపెనీ 5డబ్ల్యూ వాడమన్న బండిలో చవకగా వస్తుందని 20డబ్ల్యూ పోయిస్తే, ఆ తేడా చలి పొద్దున్నే బయటపడుతుంది.

మూడోది మంట. పెట్రోల్ ఆవిరైతేనే అంటుకుంటుంది, చల్లని గోడల మధ్య అది సరిగ్గా ఆవిరి కాదు. డీజిల్‌కు నిప్పురవ్వ ఉండదు. గాలిని ఇరికించి ఇరికించి, పుట్టిన వేడితోనే అది మండాలి. సిలిండర్ గోడలు చల్లగా ఉంటే ఆ వేడిని అవే లాగేసుకుంటాయి.

అన్నీ సరిగ్గా ఉన్న బండి ఈ మూడింటినీ తట్టుకుంటుంది. మన మన్యం చలి దానికి లెక్కే కాదు. ఎక్కడో ఒకచోట బలహీనత దాగి ఉన్న బండే మూలుగుతుంది. పెద్దాయన ఆ మాటే తన భాషలో చెప్పాడు: "ఎండలో తిన్న దెబ్బ సలికి సలుపుతాది బాబూ. మన మోకాళ్ల లాగే."

మూడు శబ్దాలు, మూడు దారులు

తాళం తిప్పగానే వినిపించే దాన్నిబట్టి జబ్బు మూడు దారుల్లో ఒకదానిలో ఉంటుంది. ఏ దారో తేల్చుకోకుండా పానా పట్టడం, నాడి చూడకుండా మందు రాయడమే.

మొదటిది టకటకటక. గబగబా కొట్టుకునే చప్పుడు. సెల్ఫ్ మోటారు మీద ఉండే సోలినాయిడ్ స్విచ్ పట్టుకోబోతుంది, మోటారు కరెంటు లాగగానే వోల్టేజీ పడిపోతుంది, స్విచ్ వదిలేస్తుంది, మళ్లీ పట్టుకోబోతుంది. ఇది దాదాపుగా దిగిపోయిన బ్యాటరీయో, వదులైన టెర్మినలో. ఒక్కసారే గట్టిగా టక్ అని, ఆపైన నిశ్శబ్దమైతే హెడ్‌లైట్లు వేసి చూడాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు లైట్లు ఆరిపోయేంతగా మసకబారితే లోపం బ్యాటరీలోనో తీగల్లోనో ఉంది. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతుంటే మోటారునో, దాని స్విచ్‌నో అనుమానించాలి.

రెండోది ఉర్ర్... ఉర్ర్. ఇంజిన్ తిరుగుతుంది కానీ బరువుగా. బ్యాటరీ, కేబుళ్లు, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ను బాడీకి, ఇంజిన్‌కు కలిపే తీగ), ఆయిల్ చిక్కదనం, అరిగిన సెల్ఫ్ మోటారు. వెతకాల్సిన చోట్లు ఇవే, ఈ వరుసలోనే.

మూడోది చకచకా తిరిగినా అందుకోకపోవడం. ఇది బ్యాటరీ జబ్బు కాదు. కొత్త బ్యాటరీ కొని తెచ్చినా ఫలితం ఉండదు. ఇంధనం రావడం లేదా, మంట పుట్టడం లేదా అన్నదే ఇక ప్రశ్న. అందుకుని వెంటనే ఆగిపోతుంటే డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మినుకుతోందేమో కూడా చూడాలి. తాళంలోని చిప్‌ను బండి గుర్తుపట్టకపోతే చాలా కార్లలో జరిగేది ఇదే.

మా కారుది రెండో శబ్దం.

చలిలో ఒక్కచోటే వేడి

పెద్దాయన బానెట్ ఎత్తించాడు. కుర్రాడిని ఇంకొక్కసారి, ఐదు సెకన్లు మాత్రం సెల్ఫ్ కొట్టమన్నాడు. తర్వాత చేత్తో బ్యాటరీ ప్లస్ టెర్మినల్ తడిమాడు. చల్లగా ఉంది. మైనస్ టెర్మినల్ తడిమాడు. అదీ చల్లగానే ఉంది. అక్కడి నుంచి నల్లటి కేబుల్ వెంట వేళ్లు కిందకు జరుపుకుంటూ పోయి, బాడీకి బిగించిన బోల్టు దగ్గర ఆగాడు.

"ఇక్కడ సెయ్యి పెట్టండి."

పెట్టాను. ఆ పొద్దున ఏ ఇనుము ముట్టుకున్నా వేళ్లు కొరికేస్తున్నట్టుంది. ఆ బోల్టు మాత్రం, అప్పుడే తాగి పెట్టిన టీ గ్లాసులా వెచ్చగా ఉంది. సెల్‌ఫోన్ లైట్ వేసి చూస్తే కేబుల్ చివరి రింగు చుట్టూ తెల్లగా, పచ్చగా బూజులాంటి పొర కనిపించింది.

దీని వెనుక లెక్క చిన్నదే. ఆ చలిలో కారు సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. కీలు తుప్పుపట్టి అక్కడ ఓమ్‌లో నూరో వంతు నిరోధం చేరినా ఒకటిన్నర వోల్టు అక్కడే ఆగిపోతుంది. 225 వాట్ల శక్తి, అంటే రెండు వంద వాట్ల పాత బల్బులకు మించిన వేడి, గోరంత చోట వృథాగా పుడుతుంది. మోటారుకు చేరాల్సిన బలమే ఆ బోల్టును వేడెక్కిస్తోంది. బ్యాటరీ ఎంత కొత్తదైతేనేం!

పెద్దాయన తన సంచిలోంచి చిన్న మల్టీమీటర్ తీశాడు. ఒక మొన బ్యాటరీ మైనస్ కొమ్ము మీద, ఇంకోటి ఇంజిన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. 1.4 చూపించింది. "ఇది అర వోల్టు దాటకూడదు. దాటిందంటే ఎర్త్ పోయినట్టే." చేతి వేళ్లు చెప్పిన మాటనే మీటర్ అంకెల్లో చెప్పింది.

మైనస్ టెర్మినల్ విప్పి, బోల్టు తీసి, రింగును, దాని కింది బాడీ ఇనుమును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాడు. గట్టిగా బిగించి పైన కాస్త పెట్రోలియం జెల్లీ పూశాడు. కుర్రాడు ఆత్రంగా తాళం మీద చెయ్యి వేస్తే ఆపాడు. "ఆ సుట్టల లైటు ఆరనీ నాయనా." మీటర్ల మధ్య నారింజ రంగు చుట్టల బొమ్మ ఆరింది. తాళం తిరిగింది. రెండు చుట్లలో ఇంజిన్ అందుకుంది.

ఇరవై రోజుల కిందట నగరంలో బ్యాటరీ మార్చిన చోట, ఐదు నిమిషాలు ఈ కేబుల్ చూసి ఉంటే ఆ ఖర్చే ఉండేది కాదు. పాత బ్యాటరీ నిజంగా పోయిందో లేదో ఇప్పుడిక తేల్చలేం. నన్ను బాధించింది డబ్బు కంటే అదే. మార్చేస్తే సరిపోతుందన్న అలవాటు వల్ల జబ్బు జబ్బుగానే ఉండిపోతుంది. ఆ రోజు మాకు తప్పిపోయేది సూర్యోదయం ఒక్కటే. అదే చోట, అదే వేళ, ఒక నిండు గర్భిణిని పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన జీపు మొరాయిస్తే?

దెబ్బ తగిలేది మేలో

బ్యాటరీని చంపేది చలి అని అందరం అనుకుంటాం. చంపేది ఎండ. రెంటచింతలలో, రామగుండంలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో బానెట్ కింద వేడి ఇంకెంత ఉంటుందో ఊహించుకోవచ్చు. సగటు వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. నీళ్లు ఆవిరవుతాయి, లోపలి సీసపు జాలీ తినుకుపోతుంది. కానీ ఎండాకాలంలో ఆయిల్ పల్చగా ఉంటుంది, ఇంజిన్ సులువుగా తిరుగుతుంది, సగం బలంతోనే బండి స్టార్టవుతుంది. అందుకే దెబ్బ తెలియదు. డిసెంబరులో మోటారు పూర్తి బలం అడిగినప్పుడు బ్యాటరీ చేతులెత్తేస్తుంది. మేలో పోయిన ప్రాణానికి డిసెంబరులో కబురు అందుతుందన్నమాట.

ఇంకో దొంగ కూడా ఉంటాడు. తాళం వేసి వెళ్లిపోయాక కూడా గడియారం, అలారం, జీపీఎస్, డ్యాష్ కెమెరా కాస్త కాస్త కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల వరకు మామూలే. అదే ఆగకుండా నెల రోజులు సాగితే 36 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తం దాదాపు అంతే! సంక్రాంతికి ఊరెళ్లి పదిహేను రోజులకు వచ్చి సెల్ఫ్ కొడితే మూలిగే బండ్లలో చాలావాటి కథ ఇదే. పక్క వీధికి వెళ్లి రావడానికే కారు తీసేవాళ్లకూ ఈ బాధ తప్పదు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయింది తిరిగి నిండేలోపే ఇంజిన్ ఆపేస్తారు.

డీజిల్ బండి పొగ చూడండి

డీజిల్ ఇంజిన్‌లో గాలిని అంతా ఇరికించాక అది ఐదొందల డిగ్రీలు దాటాలి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన ఇంజిన్ మూలసూత్రం ఇదే. చలి పొద్దున ఆ వేడి చాలకపోతే తోడుపడేందుకు చాలా ఇంజిన్లలో సిలిండర్‌కొకటి చొప్పున హీటర్ ప్లగ్గులు ఉంటాయి. తాళం ఒక మెట్టు తిప్పగానే వాటి మొన కొన్ని సెకన్లలో ఎర్రగా కాలుతుంది. పెద్దాయన చెప్పిన చుట్టల లైటు వాటిదే. అది ఆరేదాకా ఆగకుండా సెల్ఫ్ కొట్టడం పొయ్యి రాజుకోకముందే ఎసరు పెట్టడం లాంటిది.

ఇంజిన్ చకచకా తిరుగుతోంది, అందుకోవడం లేదు. అప్పుడు వెనక్కి వెళ్లి పొగగొట్టం చూడాలి. తెల్లటి పొగ గుప్పుమంటుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, మండటం లేదు. హీటర్ ప్లగ్గులు, వాటి రిలే, చివరగా కంప్రెషన్ చూడాలి. పొగ జాడే లేకపోతే డీజిల్ అసలు చేరడం లేదు. ఫిల్టర్ మూసుకుపోయిందా, పైపులో ఎయిర్ పట్టిందా అన్నది చూడాలి. రాత్రంతా ఆగిన బండిలో సన్నని పగులు గుండా గాలి దూరి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. పగలంతా నడిచే బండిలో ఆ లోపం కనిపించదు.

డీజిల్ గడ్డకట్టిందన్న మాట మన దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. డీజిల్‌లో మైనం లాంటి పదార్థం ఉంటుంది. బాగా చల్లబడితే అది తెట్టెలు కట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. లద్దాఖ్‌లో ఇది నిత్య సమస్య. అందుకే మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో అక్కడ ప్రవేశపెట్టింది. మన దేశ ప్రమాణం ప్రకారం శీతాకాలంలో అమ్మే మామూలు డీజిల్ కూడా 3 డిగ్రీల దాకా పారాలి. ఎండాకాలపు డీజిల్‌కు ఆ హద్దు 15 డిగ్రీలు. కాబట్టి అరకులోనో, సిర్పూర్(యు)లోనో బండి మొరాయిస్తే మొదటి అనుమానం డీజిల్ మీదకు పోనక్కర్లేదు. ఎండాకాలం నాటి డీజిల్ ట్యాంకులో నిలవున్న బండి అయితే మాత్రం దాన్నీ గుర్తుంచుకోవాలి.

వంచి తన్నిన స్కూటర్ల నుంచి...

నలభై దాటినవాళ్లకు గుర్తుండే దృశ్యం ఒకటుంది. పొద్దున్నే నాన్న స్కూటర్‌ను ఒక పక్కకు వంచి, కాసేపు అలా పట్టుకుని, నిలబెట్టి కిక్కు కొట్టేవారు. అలా వంచితే కార్బురేటర్‌లోకి పెట్రోల్ కాస్త ఎక్కువ దిగి, చల్లని ఇంజిన్‌కు కావాల్సిన చిక్కటి మిశ్రమం అందేది. కారులో చోక్ లాగడమూ అందుకే. చోక్ గాలిని తగ్గిస్తుంది, పెట్రోల్ పాళ్లు పెరుగుతాయి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక చాలా కొత్త ద్విచక్ర వాహనాల్లో కార్బురేటర్ స్థానంలో ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు చోక్ పని కంప్యూటర్ చేస్తుంది. ఇంజిన్ ఎంత చల్లగా ఉందో ఒక సెన్సర్ చెబితే దాన్నిబట్టి పెట్రోల్ కొలుస్తుంది. ఆ సెన్సర్ తప్పు చెబితే, చలి పొద్దున బండి అందుకోదు, ఎండెక్కాక మామూలుగా ఉంటుంది. ఇలాంటి బండిలో తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర రెండు మూడు సెకన్లు సన్నగా జుయ్యిమని వినిపించాలి. అది పెట్రోల్ పంపు. అది వినిపించకపోతే ఫ్యూజు, పంపు చూడాలి. ఆ చప్పుడు ఆగాక, ఎక్సలేటర్ తిప్పకుండా సెల్ఫ్ నొక్కాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఈ బండ్లు తోసినా స్టార్టవడం కష్టం, ఎందుకంటే పంపుకూ కంప్యూటర్‌కూ కరెంటు కావాలి.

పాత కార్బురేటర్ బండ్లకు మాత్రం పద్ధతి పాతదే. చోక్ పూర్తిగా లాగి, ఎక్సలేటర్ జోలికి పోకుండా కిక్కు కొట్టాలి. అప్పటికీ అందుకోకుండా పెట్రోల్ వాసన గుప్పుమంటే ప్లగ్గు తడిసిందని అర్థం. విప్పి, తుడిచి, ఆరబెట్టి బిగించాలి.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

కొండ ఊళ్లలో రాత్రి బండిని పల్లానికి ముఖం పెట్టి ఆపి, చక్రానికి రాయి అడ్డుపెట్టే అలవాటుంది. పొద్దున సెల్ఫ్ పట్టకపోతే దొర్లించి గేరులో అందుకోవచ్చని. ఘాట్ రోడ్డులో ఇది చాలా ప్రమాదం. ఇంజిన్ నడవకపోతే బ్రేకు బూస్టర్‌లో బలం రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. పవర్ స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. దొర్లే బండి మలుపు దగ్గర ఆగదు. దయచేసి ఆ పని చేయకండి.

సెల్ఫ్‌ను ఒకేసారి పది సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి. లేకపోతే బ్యాటరీ దిగిపోవడమే కాదు, మోటారూ కాలిపోవచ్చు. ఇంకో బండి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు ఎర్ర కేబుల్ ప్లస్ నుంచి ప్లస్‌కు ముందు తగిలించాలి. నల్ల కేబుల్ ఒక చివర మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో చివర మొరాయించిన బండి ఇంజిన్ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. ఇంజిన్ కింద కుంపటి పెట్టడం, ట్యాంకు దగ్గర మంట వేయడం గురించి చెప్పనే అక్కర్లేదు.

మన పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన మిన్నెసోటాలో, ఎడ్మంటన్‌లో చలి మైనస్ 30 దాకా పోతుంది. అక్కడ రాత్రి ఇంజిన్‌కు వేడిపెట్టే బ్లాక్ హీటర్‌ను గోడ ప్లగ్గుకు తగిలించి పడుకుంటారు. సెకండ్ హ్యాండ్ కారు కొన్న మొదటి చలికాలంలోనే వాళ్లు నేర్చుకునే పాఠం, బ్యాటరీ మీద రాసే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ అంకె. మైనస్ 18 డిగ్రీల్లో ఆ బ్యాటరీ 30 సెకన్లపాటు ఎంత కరెంటు ఇవ్వగలదో అది చెబుతుంది. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లూ ధీమాగా ఉండొద్దు. పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా, దాన్ని మేల్కొలపడానికి చాలా కార్లలో చిన్న 12 వోల్టుల బ్యాటరీయే దిక్కు.

ఇంటి దగ్గరే ఐదు పరీక్షలు

1. రాత్రంతా ఆగిన బండిలో, సెల్ఫ్ కొట్టకముందు బ్యాటరీ కొలవండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉంది. 12.4 పర్వాలేదు. 12.2 అంటే సగం. 12కు దిగితే దాదాపు ఖాళీ.

2. సెల్ఫ్ కొడుతున్నప్పుడు చూడండి. 9.6కు బాగా కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించండి.

3. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంతకు తక్కువైతే జబ్బు డైనమోలో ఉండొచ్చు, అలాగైతే బ్యాటరీ మార్చినా మళ్లీ దిగిపోతుంది.

4. బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్ ఇనుముకూ మధ్య, సెల్ఫ్ కొడుతున్నప్పుడు అర వోల్టు దాటకూడదు.

5. మీటర్ లేకపోతే, సెల్ఫ్ కొట్టి ఆపాక కీళ్లు జాగ్రత్తగా తడిమి చూడండి. వెచ్చగా ఉన్నచోటే రోగం.

ఆ రోజు చెరువులవేనం పైకి చేరేసరికి సూర్యుడు ఇంకా మేఘాల కిందే ఉన్నాడు. దిగి వచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర మళ్లీ ఆగాం. ఇంత సులువైన సంగతి ఎవరూ ఎందుకు చూడరని అడిగాను. పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "దసరాకి బండి కడుగుతారు గదా బాబూ. పసుపు రాస్తారు, బొట్టెడతారు, నిమ్మకాయలు తొక్కిస్తారు. ఆ రోజు బానెట్టు ఎత్తి సూసినోళ్లు ఎంతమంది?"

ఎండాకాలం దెబ్బ తగిలాక, చలి ఇంకా మొదలవకముందు, సరిగ్గా మధ్యలో వస్తుంది ఆయుధపూజ. ఈ దసరాకు నేను కుంకుమ భరిణె పక్కన ఒక గరుకు కాగితం ముక్క, ఒక పానా పెట్టుకున్నాను. ముందు ఎర్త్ బోల్టు విప్పి రుద్ది బిగించాను. ఆ తర్వాతే బొట్టు పెట్టాను.